పండు మనది, ఎండ మనది, స్టార్ మాత్రం బజారుదా?



పోస్టు కొంచెం పెద్దది. చార్జింగ్ చూసుకుని చదవండి. క్రిస్మస్ చేసుకునేవాళ్లు, చేసుకోనివాళ్లు ఇద్దరూ చదవండి. రాస్తున్న మాలోనూ ఇద్దరూ ఉన్నారు.

పోయినేడు డిసెంబరులో మా హాస్టల్లో సెమీ క్రిస్మస్ చేశాం. తలకి యాభై చొప్పున 92 మందిమి వేసుకుంటే 4,600 రూపాయలు అయ్యాయి. కిందకి టౌనుకి బస్సెక్కి వెళ్లి మూడు ప్లాస్టిక్ స్టార్లు, రెండు సంచుల చమ్కీ తోరణాలు, ఎరుపు బంగారు రంగు బాల్సు, పశువుల పాక చేయడానికి థర్మాకోల్ షీట్లు, స్ప్రే డబ్బాలు తెచ్చాం. కేకుకి డబ్బులు చాలక మళ్లీ తలకి ఇరవై అడిగాం. ఇవ్వలేనివాళ్లు ఆ సాయంత్రం వెనక బెంచీల్లో కూర్చున్నారు. ఎవరూ ఏమీ అనలేదు గానీ అందరికీ తెలుసు.

సెలవులకి ఇళ్లకి వెళ్లే ముందురోజు అవన్నీ పీకి హాస్టల్ వెనక పోగేసి నిప్పు పెట్టాం. థర్మాకోల్ మండితే వచ్చే నల్లపొగ ఎలా ఉంటుందో అప్పుడే చూశాం. కాలగా మిగిలింది గెడ్డలోకి పోయింది. సంక్రాంతి అయ్యాక తిరిగొస్తే గెడ్డ ఒడ్డున ఒక ఆవు చమ్కీ తోరణం నములుతోంది. నోట్లోంచి లాగబోతే సగం లోపలికి పోయింది.

ఆ ఆవు ఎవరిదో మాకు తెలుసు. వాళ్ల గుంటడు మాతోనే తొమ్మిదో తరగతి చదివాడు.

అప్పటి నుంచి మాట్లాడుకుంటూ వచ్చి ఈ ఏడు ఒక నిర్ణయానికి వచ్చాం. క్రిస్మస్ చేసుకునే మన పిల్లలు అలంకరణ కొనడం ఆపేయాలి. తిన్న పండు తొక్కతో, ఎండిన కాయతో, అడవిలో రాలిన దానితో చేసుకోవాలి. ఎలా చేయాలో మనకి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఎందుకో, ఎలాగో, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో కింద రాస్తున్నాం. ఒప్పుకోనివాళ్లు గట్టిగానే చెప్పండి.

మొదట ఆ ఎర్ర బాల్ సంగతి.

క్రిస్మస్ చెట్టుకి వేలాడే గుండ్రటి ఎర్ర బాల్ ఎక్కడి నుంచి వచ్చిందో మాకు నిన్నమొన్నటి దాకా తెలియదు. అది యాపిల్‌కి నకలు. జర్మన్ మాట్లాడే ప్రాంతాల్లో డిసెంబరు 24ని ఆదాము హవ్వల రోజుగా పాటించేవారు. ఏదెను తోట కథ నాటకంగా ఆడేటప్పుడు ఒక పచ్చటి చెట్టు నిలబెట్టి దానికి యాపిల్స్ కట్టేవారు. 1605 నాటి స్ట్రాస్‌బర్గ్ రాతల్లో ఇళ్లలో పెట్టిన చెట్ల గురించి ఉంది. రంగు కాగితం పూలు, యాపిల్స్, పల్చటి అప్పాలు, బంగారు రేకు, మిఠాయి కట్టేవారట. అంటే ఇంట్లో ఉన్నవే. చలికాలానికి దాచుకున్న పండు, పొయ్యి మీద కాల్చిన అప్పం. తర్వాత 19వ శతాబ్దం మధ్యలో లౌషా అనే జర్మన్ ఊళ్లో గాజు ఊదేవాళ్లు యాపిల్ ఆకారంలో గాజు గుండ్లు చేయడం మొదలుపెట్టారు. గాజు తర్వాత ప్లాస్టిక్ వచ్చింది. ఆ ప్లాస్టికే మన టౌన్ షాపులో దండకి గుచ్చి వేలాడుతోంది.

అంటే మనం డబ్బులు పెట్టి కొన్నది వాళ్ల పండు కూడా కాదు. వాళ్ల పండుకి గాజు నకలు చేస్తే, ఆ గాజుకి ప్లాస్టిక్ నకలు.

ఇంకొకటి. మొరేవియన్ సంఘం అని ఒక పాత క్రైస్తవ సంఘం ఉంది. 1747లో జర్మనీలోని మారియన్‌బోర్న్‌లో వాళ్ల బిషప్పు క్రిస్మస్‌కి పిల్లలకి ఎర్ర రిబ్బను చుట్టిన కొవ్వొత్తులు పంచాడు. తర్వాతి కాలంలో ఆ కొవ్వొత్తిని నారింజ పండు మీద గుచ్చడం వచ్చింది. పండు అంటే లోకం, వెలుగు అంటే క్రీస్తు, పండుకి గుచ్చిన నాలుగు పుల్లల మీద ఎండు పండ్లు, మిఠాయి. 1968 నుంచి ఇంగ్లండు చర్చిల్లో ఇది బాగా పాకింది. పెద్ద పెద్ద చర్చిల్లో ఇప్పటికీ పండే పెడుతున్నారు. మన ఊరి రేకుల చర్చిలో మాత్రం పండు పెడితే నామోషీ, ప్లాస్టిక్ పెడితే గౌరవం. ఎందుకలా అనిపిస్తోందో మనల్ని మనం అడుగుదాం.

ఇక మన సంగతి.

డిసెంబరులో అరకు, పాడేరు, చింతపల్లి వైపు ఏ ఊరికి వెళ్లినా కల్లంలో, ఇంటి ముంగిట ఎండుతున్నదేమిటి? కాఫీ. కాఫీ అంటే గింజ అనుకుంటాం గానీ చెట్టు మీద ఉన్నది పండు. అంటే క్రిస్మస్ నెలలో మన ఊళ్లన్నీ చేసే పనే పండు ఎండబెట్టడం. పల్చగా పరచాలి. గంటకోసారి కలపాలి. ఎండ తగ్గకముందే ఎత్తి కప్పాలి, లేకపోతే మంచు పట్టి బూజు వస్తుంది. గుప్పెట్లో వేసి చెవి దగ్గర ఊపితే లోపల గింజ గలగలమనాలి. ఇదంతా మన అమ్మలకి ఎవరు నేర్పారు? ఎండ, మంచు, నష్టం నేర్పాయి.

కాఫీ రాకముందు కూడా ఈ విద్య ఉంది. మామిడి ఒరుగులు, ఎండు ఉసిరి, పొయ్యి పైన వెదురు తడక మీద పొగకి ఆరబెట్టే విత్తనాలు, దూలానికి జతలు జతలుగా వేలాడే మొక్కజొన్న పొత్తులు, నీళ్లు పట్టుకెళ్లే సొరకాయ బుర్ర. ఇంట్లో వేలాడదీసిన మొక్కజొన్న పొత్తుల్ని చూసి బయట నుంచి వచ్చినవాళ్లు ఫోటోలు తీసుకుంటారు. మనం ఆ పొత్తుల్ని పక్కకి జరిపి అక్కడే చమ్కీ కడుతున్నాం.

అన్నీ కాకపోయినా, ఈ ఏడు మేము చేసినవి చెబుతాం. చెడిపోయినవి కూడా చెబుతాం.

మొదట కమలాపండు చక్రాలుగా కోశాం. యూట్యూబ్‌లో చూసినట్టు అందంగా వస్తాయనుకున్నాం. రాలేదు. కమలాకి తొక్క వదులు. కోయగానే తొనలు తొనలుగా విడిపోయాయి. బత్తాయి అయితే తొక్కా తొనా గట్టిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి చక్రం చక్రంలాగే ఎండుతుంది. నిమ్మకాయ కూడా అంతే. మందం పావు అంగుళం లోపు ఉండాలి. మరీ పల్చగా కోస్తే తడకకి అతుక్కుని చిరిగిపోతుంది. మందంగా కోస్తే మధ్యలో తడి ఉండిపోయి మూడో రోజుకి తెల్లటి బూజు. మా మొదటి విడతలో సగానికి పైగా బూజుకే పోయాయి.

యూట్యూబ్‌లో ఓవెన్‌లో పెట్టమంటారు. హాస్టల్లో ఓవెన్ ఎక్కడిది? పోనీ ఎండలో పెడదామంటే మన దగ్గర డిసెంబరు పొగమంచు పొద్దున్న తొమ్మిదైనా విడవదు. సాయంత్రం మూడున్నరకే ఎండలో పస పోతుంది. అప్పుడు మాలో ఒకమ్మాయి వాళ్ల అమ్మకి ఫోన్ చేసింది. ఆమె నవ్వి, "కాఫీకి ఏం చేస్తామో దానికీ అదే చెయ్యండే, మంచు దిగకముందే ఎత్తి పొయ్యి మీద తడకేసి పెట్టండి" అంది. అంతే. పగలు ఎండ, రాత్రి వంటగది పొయ్యి వేడి. వంట చేసే అక్కని బతిమాలి పొయ్యి పైన ఒక తడక కట్టాం. కోసిన చక్రాల్ని పాత కాటన్ గుడ్డతో అద్ది, రసం తీసి, తడక మీద ఒకదానికొకటి తగలకుండా పరిచాం. రోజుకి రెండుసార్లు తిప్పాం. అయిదు రోజులకి వేలితో నొక్కితే దిగకుండా, పట్టుకుంటే జిగురు అంటకుండా వచ్చాయి. వెలుగుకి ఎదురుగా పెడితే చర్చి కిటికీ గాజులా ఉంది ఒక్కొక్కటి.

దారం కోసం రంధ్రం పచ్చిగా ఉన్నప్పుడే చీపురు పుల్లతో పెట్టుకోవాలి. ఎండాక పెడితే విరుగుతుంది. ఇది కూడా మేము విరగ్గొట్టి నేర్చుకున్నదే.

కమలాపండుని వదిలేయలేదు. పండు తిన్నాం, తొక్క దాచాం. తొక్క ఒలిచిన గంటలోపే, ముడుచుకోకముందే, బ్లేడుతో స్టార్లు, ఆకులు, పిట్టలు కోసుకోవాలి. పాత పేపర్ మడతల్లో పెట్టి మీద లావుపాటి గైడు పెట్టాలి. రోజుకోసారి పేపర్ మార్చాలి. నాలుగైదు రోజులకి గట్టిపడుతుంది. రంగు పోదు. గదంతా వాసన. దానికి ఖర్చు సున్నా, ఎందుకంటే పండు ఎలాగూ తింటాం.

మొక్కజొన్న పొత్తు మీద తొడుగుల్ని పది నిమిషాలు నీళ్లలో నానబెట్టి మడిచి దారం కడితే దేవదూత బొమ్మలు అయ్యాయి. కాఫీ పండు కడిగేటప్పుడు నీళ్ల మీద తేలే తాలు పండ్లు తీసి పక్కన పడేస్తాం కదా, వాటిని ఎర్రగా ఉన్నప్పుడే సూదితో గుచ్చి దండ చేసి ఎండబెట్టాం. ఎండాక నల్ల ఎరుపు పూసల్లా తయారయ్యాయి. మంచి పండు ఒక్కటి కూడా ముట్టలేదు. అది ఇంటి డబ్బు. కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ ఆకులు కింద రాలి ఉంటాయి. వాటికి ఒకవైపు వెండిరంగు. తిరగేసి కడితే వెండి స్ప్రే అవసరం లేదు. రేల చెట్టు పొడుగు కాయలు, చెట్టు మీదే ఎండి నల్లబడిన సీతాఫలాలు, రాలిన కరక్కాయలు నాలుగైదు. స్టారు మాత్రం వెదురు బద్దలతో కట్టి పల్చటి కాగితం అంటించి లోపల చిన్న ఎల్ఈడీ పెట్టాం. మన తాతల కాలంలో చర్చి మీద వెదురు గెడకి కట్టిన స్టారు ఇలాంటిదే. లోపల దీపం ఉండేదని పెద్దవాళ్లు చెప్పారు.

పశువుల పాకకి థర్మాకోల్ బదులు ఎండుగడ్డి, వెదురు, అడ్డాకులు. యేసు పుట్టింది గడ్డిలో. గడ్డి మన దగ్గర ఉండగా టౌనుకెళ్లి థర్మాకోల్ కొని దాని మీద గడ్డి రంగు కొట్టడం ఏమిటో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది. పైగా అలంకరణకి వాడే థర్మాకోల్‌ని 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారు. షాపులో దొరుకుతోంది కదా అని తెచ్చాం, మేమూ తప్పు చేశాం.

ఇప్పుడు మాకు వచ్చిన అభ్యంతరాలు. మూడూ గట్టివే.

మొదటిది మా హాస్టల్ అన్నయ్య ఒకరు అడిగారు. "ఊళ్లో పిల్లలకి తినడానికి పండు లేదు, మీరు పండు కోసి గోడకి వేలాడదీస్తారా?" అని. ఆ మాటకి మేమందరం కాసేపు మాట్లాడలేదు. ఆయన అడిగింది నిజం. హాస్టల్లో పండు రోజూ కనబడే వస్తువు కాదు. మేము మొదటి విడతలో పాడుచేసిన బత్తాయిలు ఎనిమిది. ఎనిమిది మంది తినాల్సినవి. అందుకే ఆ రోజే ఒక నియమం పెట్టుకున్నాం. తినగలిగిన పండుని అలంకరణకి కోయకూడదు. తిన్నాక మిగిలిన తొక్క, టెంక, తొడుగు, తాలు, రాలినది, పిట్ట కొట్టింది, సంతలో సాయంత్రానికి దెబ్బతిని మిగిలిపోయింది మాత్రమే. బత్తాయి చక్రాలు కావాలంటే దెబ్బ తగిలిన కాయలో బాగున్న భాగం నుంచే. ఈ నియమం పెట్టాక అలంకరణ తగ్గలేదు, ఇంకా పెరిగింది. ఎందుకంటే అప్పటిదాకా చెత్త అనుకున్నదాని వైపు చూడటం మొదలైంది.

అన్నయ్యా, మీరు అడగకపోతే మేము కూడా రీల్స్ చూసి పండ్లు పాడుచేసేవాళ్లలో కలిసిపోయేవాళ్లం.

రెండోది పోయినేడు మన గ్రూపులోనే పెద్ద గొడవ అయింది, గుర్తుందా? "క్రిస్మస్ మన పండుగ కాదు, ఆదివాసీలకి కొత్తలు ఉన్నాయి, ఇటుకల పండుగ ఉంది, ఈ స్టార్లు ఎందుకు" అని కొందరు. "మా ఇంట్లో తాత కాలం నుంచి చర్చి ఉంది, మేము ఆదివాసీలం కాదా" అని కొందరు. మాటలు పెరిగి ముగ్గురు గ్రూపులోంచి వెళ్లిపోయారు. వాళ్లలో ఇద్దరు మా రూమ్మేట్లు. ఒకే కంచంలో తిన్నవాళ్లు నెలరోజులు మాట్లాడుకోలేదు.

ఈ విషయంలో చట్టం ఏం చెబుతుందో ముందు తెలుసుకుందాం. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులో మతం గురించి షరతు ఉంది. అదే ఏడు వచ్చిన షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో ఆ షరతు లేదు. చర్చికి వెళ్లినంత మాత్రాన ఆదివాసీ ఆదివాసీ కాకుండా పోడు. ఈ ఒక్క వాక్యం తెలియక ఎంతమంది అన్నదమ్ములు కొట్టుకుంటున్నారో.

కానీ చట్టం చెప్పేసినంత మాత్రాన మనసులో బాధ పోదు. కొత్తలు వదిలేస్తున్నాం, పెద్దలు చెప్పింది మర్చిపోతున్నాం అనే బాధ నిజమైనదే. దాన్ని మేము ఎగతాళి చేయం. మన పెద్దలకి పండు అంటే ఊరికే తినే వస్తువు కాదు. మామిడి కొత్త అవ్వకుండా మామిడి నోట్లో పెట్టరు. కొర్రకి కొత్త, చిక్కుడుకి కొత్త, కందికి కొత్త. తెగని బట్టి, ఊరిని బట్టి పేరూ రోజూ మారతాయి గానీ లోపల మాట ఒక్కటే. పండింది మనదే అని వెంటనే లాగేసుకోకూడదు. ముందు నేలకి, పెద్దలకి చెప్పాలి. అప్పుడు తినాలి.

మేము ఇలా అనుకున్నాం. క్రిస్మస్ చేసుకునే ఇంట్లో కూడా ఈ మర్యాద బతకొచ్చు. ఏ కాయకైనా ఊళ్లో కొత్త అవ్వకపోతే దాన్ని మేము అలంకరణకి కూడా ముట్టం. డిసెంబరుకి కంది కొత్త ఇంకా అవ్వని ఊళ్లు ఉన్నాయి. కాబట్టి ఎంత అందంగా ఉన్నా కంది కొమ్మ తెంపలేదు. విత్తనానికి కట్టి ఉంచిన కొర్ర, సామ, చోడి వెన్నులూ ముట్టలేదు. నూర్చాక మిగిలిన గడ్డి తీసుకున్నాం. ఈ మాట మాలో క్రిస్మస్ చేసుకోని తమ్ముడొకడు చెప్పాడు. అప్పటిదాకా దూరంగా నిలబడి చూసినవాడు, "నేను చర్చికి రాను గానీ తడక కడతాను" అన్నాడు. వెదురు బద్దలు చీల్చింది వాడే. మా అందరిలో కత్తి పని వచ్చినవాడూ వాడే.

ప్రార్థనకి వాడు రాలేదు. మేము పిలవలేదు. భోజనానికి వచ్చాడు. పోయినేడు గ్రూపులోంచి వెళ్లిపోయిన ఇద్దరూ వచ్చారు. ఎండబెట్టిన తొక్కలు మనుషుల్ని కలిపాయి అని పెద్ద మాటలు చెప్పం. కానీ అయిదు రోజులు పొద్దున్నే లేచి ఒకే తడక తిప్పితే, ఏదో ఒకటి మాట్లాడక తప్పదు కదా.

మూడో అభ్యంతరం నామోషీ. ఇది ఎవరూ పైకి అనలేదు, మా లోపలే ఉంది. "టౌన్ కాలేజీ పిల్లలు వచ్చి చూస్తే డబ్బుల్లేక తొక్కలు కట్టుకున్నారు అనుకుంటారేమో." నిజంగానే మాకు డబ్బుల్లేవు, అందులో దాచేదేముంది? అసలు విషయం వేరే. ఇదే తొక్క, ఇదే వెదురు సిటీ షాపులో అట్టపెట్టెలో పెట్టి నేచురల్ అని రాస్తే ధర పెరుగుతుంది. పక్క రాష్ట్రం బస్తర్‌లో మన గోండు, ఇతర తెగల అన్నలు ఎండు సొరకాయ బుర్రలకి కాల్చి చిత్రాలు వేసి, కన్నాలు పెట్టి దీపాలు చేస్తారు. తుంబా అంటారు. సిటీల్లో హాళ్లలో వేలాడతాయవి. మన ఇంట్లో బుర్ర మూలన పడి ఉంటే పాతది, షాపులో ఉంటే కళ. ఆ లెక్క ఎవరు వేశారో ఆలోచించండి.

ఇక్కడే ఇంకో జాగ్రత్త. ఈ పోస్టు చూసి "ట్రైబల్ క్రిస్మస్ డెకరేషన్" అని పేరు పెట్టి అమ్మకం మొదలెట్టేద్దాం అనే ఆలోచన రావచ్చు. మాకూ వచ్చింది. తొందరపడొద్దని మా మాట. కరక్కాయ, కుంకుడుకాయ, చింతపండు ఏరి మన అమ్మమ్మలు సంతలోనో, జీసీసీకో అమ్ముకుంటారు. 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టిందే ఆ సరుకు దళారుల పాలు కాకుండా కొనడానికి. మనం చదువుకున్న పిల్లలం బస్తాలు వేసుకుని అడవికి పోయి అందం కోసం కాయలు దూసుకొస్తే, ఆ నష్టం ముసలమ్మల బస్తాలో కనబడుతుంది. ఇంటి అలంకరణకి నాలుగైదు కాయలు రాలినవి చాలు. చెట్టు మీది నుంచి కొట్టొద్దు. పిట్టలకీ, మొలకకీ కొన్ని వదలాలి.

అలాగని భయపడనూ వద్దు. వెదురు బద్ద తెస్తే ఎవరైనా గద్దిస్తారేమో అని తమ్ముళ్లు అడుగుతున్నారు. 2006 అటవీ హక్కుల చట్టంలో చిన్నతరహా అటవీ ఉత్పత్తి అంటే ఏమిటో రాసినచోట వెదురు పేరు ఉంది. తరతరాలుగా సేకరిస్తున్న వాటిని సేకరించుకునే, అమ్ముకునే హక్కు అదే చట్టంలో ఉంది. చట్టం చదివి ఉంచుకోండి, స్టార్ కోసం కాకపోయినా పనికొస్తుంది.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది మాత్రం తప్పకుండా పాటించండి. గురివింద గింజలు ఎర్రగా అందంగా ఉన్నాయని దండలు గుచ్చొద్దు. అది విషం. పైపెంకు పగిలినా, సూదితో గుచ్చినా ఇంకా ప్రమాదం. ముష్టి గింజ, ఆముదం గింజ కూడా పిల్లలున్న చోట వద్దు. పచ్చి జీడిపిక్క, నల్లజీడి ముట్టుకుంటే రసం చర్మాన్ని కాలుస్తుంది. ఎండిన తొక్క, గడ్డి త్వరగా అంటుకుంటాయి కాబట్టి కొవ్వొత్తి దగ్గర పెట్టొద్దు. అలంకరణకి కట్టిన పండుని తర్వాత తినొద్దు, దుమ్ము పడుతుంది, చీమలు పడతాయి. జిగురుగా అనిపిస్తే విప్పి మళ్లీ ఎండలో వేయండి. రంగు, వార్నిష్, మెరుపు పొడి ఏదీ పూయొద్దు. పూస్తే మళ్లీ ప్లాస్టిక్ దగ్గరికే వచ్చినట్టు.

పూయకపోతే లాభం ఏమిటో కూడా చెబుతాం. ఈ ఏడు పండుగ అయ్యాక దారాలు విప్పి చుట్ట చుట్టి దాచాం. మొక్కజొన్న తొడుగులు మేకలు తిన్నాయి. తొక్కలు, ఆకులు, గడ్డి హాస్టల్ వెనక కరివేపాకు మొక్క మొదట్లో వేశాం. వెదురు స్టార్ అటక మీద ఉంది, వచ్చే ఏటికి కాగితం మారిస్తే చాలు. పొగ లేదు, గెడ్డలో ఏమీ లేదు.

డబ్బుల లెక్క కూడా చెప్పాలి కదా. దారం, కాగితం, ఎల్ఈడీ, మేము పాడుచేసిన బత్తాయిలు కలిపి 340 రూపాయలు అయ్యాయి. తలకి నాలుగు రూపాయలు కూడా పడలేదు. మిగతాది అడగలేదు కాబట్టి ఇవ్వలేనివాళ్లంటూ ఎవరూ లేరు. వెనక బెంచీల్లో ఎవరూ కూర్చోలేదు. కేకు బదులు సంతలో అరటిపళ్లు, కమలాలు కొన్నాం. ఆ డబ్బులు సంతలో కూర్చున్న మన అత్తల చేతుల్లోకే పోయాయి. తొక్కలు మళ్లీ మా దగ్గరికే వచ్చాయి.

ఇదంతా చేస్తే ఏజెన్సీ కష్టాలు తీరిపోతాయని మేము అనట్లేదు. రోడ్డు రాదు, డోలీ ఆగదు, టీచర్ పోస్టు నిండదు. వాటి కోసం వేరే కొట్లాట ఉంది, అందులో ఉంటాం. కానీ మన చేతికి వచ్చిన విద్యని మనమే చిన్నచూపు చూసి, దాని నకలుని డబ్బులిచ్చి కొనడం మాత్రం మన చేతుల్లో ఉన్న పని. దాన్ని ఆపడానికి ఎవరికీ అర్జీ పెట్టక్కర్లేదు.

వచ్చే డిసెంబరుకి మా మాట ఇది. నవంబరు నుంచే తొక్కలు దాచండి. కాఫీ కల్లంలో ఓ మూల చిన్న తడక వేసుకోండి. అమ్మకి ఫోన్ చేసి, "ఒరుగులు ఎలా పెడతావే, బూజు రాకుండా ఏం చేస్తావే" అని అడగండి. ఆమె చెప్పేది రాసుకుని ఇక్కడ పెట్టండి. సవర ఊళ్లలో ఎలా చేస్తారో, కోయ ఊళ్లలో ఎలా చేస్తారో, కొండరెడ్లు పొగకి ఎలా ఆరబెడతారో మాకు తెలియదు, తెలుసుకోవాలని ఉంది. క్రిస్మస్ చేసుకోనివాళ్లు కూడా రాయండి. మీ కొత్తలకి మేము ఏ పని చేయాలో చెప్పండి. తడక కట్టిన తమ్ముడికి మేము ఇంకా బాకీ ఉన్నాం.

గ్రూపులోంచి వెళ్లిపోయిన మూడో అన్నయ్య ఇది ఎవరి ఫోన్లోనైనా చూస్తే, తిరిగి రా అన్నయ్యా. బత్తాయి చక్రాలు రెండు నీకోసం దాచాం. తినడానికి కాదు, కిటికీకి కట్టుకోవడానికి.

జోహార్.